సెవియాలో పవిత్ర వారం చూడటం ఎలా? పాఠం 3: పట్టిక చదవడం, చోటు పట్టడం

స్పెయిన్‌లోని సెవియాలో ఈస్టర్ ముందు వారం జరిగే ఊరేగింపుల గురించి ఈ పాఠాలు. పాసో (విగ్రహాలతో మోసుకెళ్లే పెద్ద వేదిక) అంటే ఏమిటో, దాన్ని కింద ఉండి మోసే కోస్తలేరోలు ఎవరో గత రెండు పాఠాల్లో చూశాం. ఇక ఊరేగింపుల టైముల పట్టిక పట్టుకుని వీధిలోకి దిగుదాం. సెవియాకు మొదటిసారి వెళ్లినవాళ్లు గంటలకొద్దీ నిలబడి కూడా పాసో చూడకుండా తిరిగొచ్చేది ఎక్కువగా పట్టికను తప్పుగా చదవడం వల్లే.

మట్టల ఆదివారం నుంచి ఈస్టర్ దాకా, చాలా రోజుల్లో రోజుకి ఏడు నుంచి తొమ్మిది భక్త సంఘాలు ఊరేగింపుగా బయలుదేరతాయి. ఒక్కొక్కటి తన గుడి నుంచి కేథడ్రల్‌కు వెళ్లి, మళ్లీ తన గుడికి చేరుతుంది. పట్టికలో ప్రతి వీధి పక్కనా ఒక టైము ఉంటుంది. ఆ టైము సాధారణంగా పాసోది కాదు, ఊరేగింపుకు ముందు నడిచే మార్గదర్శక శిలువది. దాన్ని క్రూస్ దె గియా అంటారు. పాసో రావాలంటే ముందు నసరేనోలు, అంటే కోసు టోపీల ముసుగు భక్తులు, జతలు జతలుగా దాటాలి.

లెక్క వేసి చూద్దాం. ఒక సంఘంలో 1,200 మంది నసరేనోలు ఉన్నారనీ, సగం మంది క్రీస్తు పాసో ముందు, సగం మంది మేరీమాత పాసో ముందు నడుస్తున్నారనీ అనుకోండి. నిమిషానికి 15 జతలు దాటితే మొదటి 300 జతలకే 20 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఆగుళ్లు కలిపితే అరగంట. మేరీమాత పందిరి (పాలియో) రావడానికి మరో అరగంట, ఇంకాస్త ఎక్కువ కూడా. మకరేనా లాంటి సంఘంలో మూడు వేలకు పైనే నసరేనోలు ఉంటారు, అక్కడ ఈ లెక్కను అదే నిష్పత్తిలో పెంచుకోవాలి. పట్టికలో 6:00 అని చూసి 6:10కి విసుగొచ్చి కదిలిపోయేవాళ్లు ఇందుకే నష్టపోతారు.

ఊరేగింపులో ఎక్కడున్నామో తెలియడానికి కొన్ని గుర్తులు. ఎత్తైన కొవ్వొత్తి కర్రలు (సిరియాలెస్) పట్టుకున్న సహాయకులు, వాళ్ల వెంట సాంబ్రాణి పొగ కనిపిస్తే పాసో వెనకే ఉన్నట్టు. ఫోను తీయాల్సింది అప్పుడే, అంతకుముందు తీస్తే చేతులు నొప్పెట్టడం తప్ప లాభం లేదు. భుజాన శిలువలు మోస్తూ, టోపీ కోసు లేకుండా ముసుగు వెనక్కి వేలాడేవాళ్లు కనిపిస్తే క్రీస్తు పాసో మీ ముందునుంచి వెళ్లిపోయినట్టే. దిగులు పడకండి, పందిరి ఇంకా రావాలి. దాన్ని నిలబెట్టే 12 వెండి స్తంభాలు మలుపులో ఒకదానికొకటి తగిలి గలగలలాడతాయి. చూడటానికి ముందే వినిపిస్తుంది.

ఇక చోటు. లా కంపానా నుంచి సియెర్పేస్ వీధి, సాన్ ఫ్రాన్సిస్కో చౌక్, కాన్స్తితుసియోన్ అవెన్యూ మీదుగా కేథడ్రల్ దాకా ఉన్నది అన్ని సంఘాలూ తప్పక నడిచే ఉమ్మడి దారి. అక్కడి కుర్చీలు ఎక్కువగా స్థానికుల చందా కుర్చీలే, ఆశ పెట్టుకోకండి. మా సలహా: తిరుగుదారి పట్టండి. ఊరేగింపు కేథడ్రల్‌లోకి సాన్ మిగెల్ ద్వారం గుండా వెళ్లి, పాలోస్ ద్వారం గుండా బయటికొస్తుంది. అక్కణ్నుంచి ఇంటిదారి పట్టే సంఘాలకు ఫ్రాంకోస్ వీధి, ఆర్గోతె దె మొలీనా వీధి మంచి చోట్లు. ఈ రెండోదాన్ని జనం ‘బకలావ్ ఎక్కుడు’ అంటారు. సన్నగా, ఏటవాలుగా ఉంటుంది కాబట్టి పాసో గోడనుంచి గోడదాకా నిండిపోతుంది. కాకపోతే అక్కడ వెనక్కి తగ్గడానికి జాగా ఉండదు. పిల్లలతో వెళ్తే వెడల్పు వీధి మూల చూసుకోండి. మూల మంచిదే, ఎందుకంటే పాసో తిరిగేటప్పుడు నెమ్మదిస్తుంది.

పాసో ఆగితే వెళ్లిపోకండి, అసలు చూడాల్సింది ఇప్పుడే. కపతాస్, అంటే మోతగాళ్ల మేస్త్రీ, పాసో ముందు బిగించిన సుత్తి (యమదోర్) దగ్గరికి వస్తాడు. యముడికీ దీనికీ సంబంధం లేదు, ‘పిలిచేది’ అని అర్థం. పాసో లోపల 30 నుంచి 50 మంది దాకా కోస్తలేరోలు, మెడ వెనక దూలాన్ని ఆనించుకుని ఉంటారు. సుత్తి మోగగానే వంగి సిద్ధపడతారు. కపతాస్ లోపలివాళ్లతో రెండు మాటలు మాట్లాడతాడు, ఒక్కోసారి ఈ ఎత్తుడును ఎవరికైనా అంకితమిస్తాడు. ఆఖరి దెబ్బకి టన్నుకు పైగా బరువున్న పాసో ఒక్క ఎగురుతో లేస్తుంది. కొవ్వొత్తులన్నీ ఒకేసారి ఊగుతాయి. 1973లో ‘లోస్ ఎస్తుదియాంతెస్’ సంఘం తన సభ్యులనే పాసో కిందికి దింపేదాకా, ఈ పని కూలి తీసుకుని చేసేవాళ్లదే.

బాల్కనీ నుంచి ఎవరైనా సాయెతా (విగ్రహాన్ని చూస్తూ పాడే పాట) అందుకుంటే పాట అయ్యేదాకా కదలొద్దు, మాట్లాడొద్దు. బ్యాండు లేకుండా మౌనంగా నడిచే సంఘాల ముందు చప్పట్లు కొట్టడం, ఫ్లాష్ వేయడం పెద్ద అమర్యాద.

రోడ్డు దాటాలంటే? పాసో ముందునుంచి ఎప్పుడూ వద్దు. నసరేనోలు ఆగినప్పుడు, వాళ్ల మధ్య ఖాళీలోంచి, చేయి చూపి అనుమతి అడిగి, చకచకా దాటేయాలి. పాసోతో పాటు కదిలే జనసమ్మర్దాన్ని ‘బుయ్యా’ అంటారు. అందులో చిక్కితే ఎదురీదకండి, వాళ్లతోపాటే నడిచి, పక్క సందు రాగానే తప్పుకోండి. నిలబడే ముందే రెండు బయటిదారులు చూసుకోవడం అలవాటు చేసుకోండి: 2000లోనూ 2017లోనూ గుడ్‌ఫ్రైడే ముందు రాత్రి జనం ఉన్నట్టుండి బెదిరి పరుగులు తీశారు. మడత కుర్చీ తేవద్దు, బుయ్యాలో అది కాళ్లకు అడ్డం. నున్నని అడుగున్న చెప్పులూ వద్దు. కొవ్వొత్తుల మైనం రాళ్ల మీద కారి జారుతుంది. బట్టల మీద పడితే గోకకండి, ఆరనిచ్చి, పైన కాగితం వేసి ఇస్త్రీ పెడితే మైనం కాగితానికి అంటుకుపోతుంది.

అభ్యాసం: ఒక సంఘాన్ని ఎంచుకోండి. పట్టికలో దాని తిరుగుదారి వీధి ఒకటి, అక్కడ శిలువ చేరే టైము, మొత్తం నసరేనోల సంఖ్య రాసుకుని, పైన చెప్పిన లెక్కతో పందిరి ఎప్పుడొస్తుందో అంచనా వేయండి. మీ దగ్గర పట్టిక లేకపోతే 2,000 మంది నసరేనోలు, శిలువ 9:15కి అనుకుని చేయండి. జవాబు నాలుగో పాఠం మొదట్లో ఉంటుంది. ఆ పాఠమంతా ఆరు సంఘాలు తెల్లవార్లూ నడిచే మద్రుగా రాత్రి గురించే.