బడికి యాప్ కొనేముందు జాగ్రత్తలు

జూన్‌లో బడులు తెరుస్తారు. అనంతపురంలోనూ యాజమాన్యాలు క్లాసుల యాప్‌లు మాట్లాడుకునే వేళ ఇది. ఆ యాప్‌ను దివ్యాంగ పిల్లలూ వాడగలరో లేదో తేల్చుకోవడానికి, ఒప్పందంపై సంతకానికి ముందు ఇవి చూడండి.

• డబ్బు కట్టకముందే ఫోన్లో టాక్‌బ్యాక్ (తెరపై ఉన్నది చదివి వినిపించే సదుపాయం) ఆన్ చేసి, స్క్రీన్ చూడకుండా లాగిన్ నుంచి పరీక్ష సబ్మిట్ దాకా వెళ్లి చూడండి. చూపులేని విద్యార్థి చేతనే చేయిస్తే ఇంకా మంచిది. ఏడాది ఫీజు కట్టేశాక ఆ పిల్లవాడు లాగిన్ దగ్గరే ఆగిపోతే, డబ్బుతోపాటు వాడి చదువూ పోతుంది.

• 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, ఐఎస్ 17802 ప్రమాణం (యాప్‌లు, వెబ్‌సైట్లు దివ్యాంగులకు అందుబాటులో ఉండాలనే భారతీయ ప్రమాణం) పాటిస్తామని ఒప్పందంలో రాయించండి. నోటిమాట నిలవదు. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి రూ.10,000 వరకు, మళ్లీ జరిగితే రూ.50,000 నుంచి రూ.5 లక్షల దాకా జరిమానా.

• తెలుగు నోట్సు యూనికోడ్‌లోనే (అన్ని ఫోన్లూ, కంప్యూటర్లూ గుర్తుపట్టే అక్షర పద్ధతి) ఉండాలి. డీటీపీ సెంటర్లో యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతో కొట్టించిన పీడీఎఫ్‌ను టాక్‌బ్యాక్ లాంటి తెర చదివే సాఫ్ట్‌వేర్ అర్థంలేని అక్షరాలుగా చదువుతుంది. మన దగ్గర అందరూ వదిలేసేది ఇదే, దయచేసి వదలకండి.

• వీడియోలకు తెలుగు క్యాప్షన్లు. యంత్రం రాసినవి టీచరు సరిచూడాలి.

• ఆన్‌లైన్ పరీక్షలో ఒక్కో విద్యార్థికి విడిగా సమయం పెంచే వీలుండాలి. దివ్యాంగ విద్యార్థులకు గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2018 కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి.