పెద్ద బైకు కాళ్లు కాలుస్తోందా? ముందు రేడియేటర్ చూడండి

హన్మకొండ చౌరస్తా సిగ్నల్‌లో తొడలు కాలుతుంటే, రేడియేటర్ (ఇంజన్ వేడిని బయటికి వదిలే జాలీ లాంటి భాగం) రెక్కల మధ్య టార్చ్ వేసి చూడండి. ఎనుమాముల మార్కెట్ వైపు తిరిగే బండ్లకు పత్తి పీచు, దుమ్ము కలిసి దట్టంగా పట్టేస్తుంది. ఇంజన్ చల్లారాక, వెనక నుంచి ముందుకు మామూలు పైపుతో నీళ్లు కొట్టాలి. ప్రెషర్ గన్ వద్దే వద్దు, రెక్కలు వంగుతాయి. నా బండి సగం రోగం దీంతోనే పోయింది.

రేడియేటర్‌లో పోసే కూలెంట్ (ఇంజన్ వేడిని మోసే ద్రవం) నీళ్లు కలపని కాన్సంట్రేట్ అయితే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపాలి. చిక్కగా పోస్తే ఇంకా చల్లబడుతుందనేది భ్రమ. వేడిని బాగా మోసేది నీళ్లే. బోరునీళ్లు పోస్తే లోపల సున్నం కడుతుంది. రేడియేటర్ మూత రబ్బరు గట్టిపడితే ప్రెషర్ నిలవదు, కూలెంట్ తొందరగా మరుగుతుంది. వేడి మీద మాత్రం మూత ముట్టొద్దు. ఫ్యాన్ తిరగట్లేదా? మోటార్ కొనకముందు ఫ్యూజు, రిలే (ఫ్యాన్‌కు కరెంటు వదిలే స్విచ్) చూడండి.