ఇంగ్లండ్‌లో చిన్న దుకాణానికి బిజినెస్ రేట్స్ రాయితీ: దరఖాస్తు విధానం

ఇంగ్లండ్‌లో కిరాణా దుకాణమో, టిఫిన్ సెంటరో, బట్టల షాపో నడిపేవారికి ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో స్థానిక కౌన్సిల్ నుంచి బిజినెస్ రేట్స్ బిల్లు వస్తుంది. హైదరాబాద్‌లో వ్యాపార భవనానికి కట్టే ఆస్తిపన్ను లాంటిదే ఇది. అక్కడిలాగే ఇక్కడా లెక్కకు మూలం అద్దె విలువే. కానీ తేడా ఒకటుంది: మన దగ్గర ఆస్తిపన్ను సాధారణంగా భవన యజమాని పేరు మీద ఉంటుంది, ఇక్కడ మాత్రం ఆ చోటును వాడుకుంటున్న వ్యాపారే కట్టాలి. అద్దె ఇస్తున్నాం కదా, పన్ను సంగతి ఓనరు చూసుకుంటాడులే అనుకుని మొదటి బిల్లును పక్కన పడేసేవారు కొత్తగా వచ్చిన మనవాళ్లలో కనిపిస్తుంటారు. బిల్లు కట్టకపోతే మొదట రిమైండరు వస్తుంది, తర్వాత మేజిస్ట్రేట్ కోర్టు నుంచి సమన్లు వస్తాయి.

ఈ పన్నులో చిన్న వ్యాపారాలకు చట్టబద్ధమైన రాయితీ ఉంది. దాన్ని స్మాల్ బిజినెస్ రేట్ రిలీఫ్ అంటారు. పేరులో ‘చిన్న’ అని ఉన్నా మీ అమ్మకాలు ఎంత, లాభం ఎంత అని ఎవరూ అడగరు; మీరు వాడుకుంటున్న స్థలానికి ప్రభుత్వం కట్టిన రేటబుల్ వాల్యూ, అంటే బహిరంగ మార్కెట్‌లో ఆ స్థలానికి ఏడాదికి రాగల అద్దె అంచనా, అదొక్కటే ఇక్కడ కొలమానం. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త జాబితాలో ఈ విలువలను 2024 ఏప్రిల్ 1 నాటి అద్దెల ఆధారంగా నిర్ణయించారు. కాబట్టి పాత బిల్లు మీద ఉన్న అంకెను నమ్ముకోకుండా, ప్రభుత్వ వెబ్‌సైటులో మీ పోస్ట్‌కోడ్ కొట్టి కొత్త విలువను చూసుకోవడమే మొదటి పని.

ఆ విలువ 12,000 పౌండ్లు, లేదా అంతకన్నా తక్కువ ఉండి, మీరు ఆ ఒక్క స్థలంలోనే వ్యాపారం చేస్తుంటే, రాయితీ నూటికి నూరు శాతం, కట్టాల్సింది సున్నా. 12,001 నుంచి 15,000 వరకు రాయితీ మెట్లు దిగినట్టు తగ్గుతూ వస్తుంది: 13,500 దగ్గర సగం, 14,000 దగ్గర మూడో వంతు, 15,000 దగ్గర ఏమీ ఉండదు. అయితే దుకాణం ఖాళీగా కాక మీ వాడుకలో ఉండాలి. స్కాట్లండ్, వేల్స్‌లలో హద్దులు, పద్ధతులు వేరు. ఇక్కడ చెప్పేదంతా ఇంగ్లండ్‌కే వర్తిస్తుంది.

దరఖాస్తు కౌన్సిల్‌కే పెట్టాలి, లండన్‌లోని ఏ కేంద్ర కార్యాలయానికీ కాదు. దాదాపు అన్ని కౌన్సిళ్ల వెబ్‌సైటుల్లో బిజినెస్ రేట్స్ విభాగం కింద ఈ ఫారం ఉంటుంది. దానికి రుసుము లేదు. బిల్లు మీద ఉన్న అకౌంట్ నంబరు, దుకాణం చిరునామా, మీరు ఆ చోటును ఏ తేదీ నుంచి వాడుకుంటున్నారు, ఇంగ్లండ్‌లో మీకు ఇంకెక్కడైనా వ్యాపార స్థలం ఉందా అనే వివరాలు అడుగుతారు. సొంత వ్యాపారమైతే మీరే, భాగస్వామ్యమైతే భాగస్వాముల్లో ఒకరు, కంపెనీ అయితే డైరెక్టరు గానీ అధికారం ఉన్న మరొకరు గానీ సంతకం చేయాలి. కొన్ని కౌన్సిళ్లు లీజు కాగితం నకలు కూడా అడుగుతాయి, కాబట్టి దాన్ని ముందే స్కాన్ చేసి పెట్టుకోవడం మంచిది. తెలిసి తప్పుడు వివరం రాస్తే అది నేరమని ఫారంలోనే హెచ్చరిక ఉంటుంది.

తేదీ గడిలో చాలామంది పొరపాటు చేస్తారు. దరఖాస్తు పెట్టిన రోజు కాదు, దుకాణం మీ వాడుకలోకి వచ్చిన రోజు రాయాలి. మీరు జూన్‌లో తాళాలు తీసుకుని, అక్టోబరులో ఫారం నింపుతుంటే, జూన్ నుంచే రాయితీ వర్తింపజేయమని స్పష్టంగా అడగండి. నిర్ణయం వచ్చే వరకు మాత్రం వచ్చిన బిల్లు ప్రకారం వాయిదాలు కడుతూనే ఉండాలి. ఎక్కువ కట్టినది తర్వాత ఖాతాలో సర్దుతారు, లేదా వెనక్కి ఇస్తారు. వాయిదాలు సాధారణంగా పది నెలలకు వేస్తారు. పన్నెండు నెలలకు మార్చమని అడిగే హక్కు మీకుంది. ఒకసారి మంజూరైతే, మీ పరిస్థితి మారనంత వరకు ఏటా మళ్లీ పెట్టుకోవాల్సిన పని సాధారణంగా ఉండదు.

ఇంతకీ ఈ పన్ను రేట్ల మీద బ్రిటన్ పార్లమెంటులో జరిగిన చర్చకూ మీ పన్ను బిల్లుకూ సంబంధం ఉంది, అది 2026-27 బిల్లులో నేరుగా కనిపిస్తుంది. కోవిడ్ తర్వాత షాపులకు, హోటళ్లకు, వినోద స్థలాలకు ఏటేటా పొడిగిస్తూ వచ్చిన తాత్కాలిక రాయితీ 2024-25లో 75 శాతం ఉండేది, 2025-26లో అది 40 శాతానికి తగ్గింది, 2026 మార్చి 31తో పూర్తిగా ముగిసింది. దాని స్థానంలో ఈ వర్గానికి శాశ్వతంగా తక్కువ పన్ను రేటు (రేటబుల్ వాల్యూలో ప్రతి పౌండుకు ఎన్ని పెన్స్ కట్టాలన్నది) ఉండాలని ప్రభుత్వం పార్లమెంటులో చట్టం కోసం బిల్లు తెచ్చింది. 5 లక్షల పౌండ్లు, ఆపైన విలువ ఉన్న భవనాల మీద, ముఖ్యంగా ఆన్‌లైన్ కంపెనీల భారీ గిడ్డంగుల మీద, ఎక్కువ రేటు వేసి ఆ సొమ్ముతో చిన్న దుకాణాలకు ఊరట ఇస్తామన్నది దాని వాదన. 2024 నవంబరులో రెండో పఠనం (ఆ బిల్లు మీద తొలి ప్రధాన చర్చ) జరిగినప్పుడు ప్రతిపక్షం, ఆ 5 లక్షల హద్దుకు పైన గిడ్డంగులే కాదు, ఊళ్లోని ప్రధాన బజారు వీధి అయిన హై స్ట్రీట్‌కు జనాన్ని రప్పించే పెద్ద స్టోర్లు కూడా ఉన్నాయని, 75 నుంచి 40కి తగ్గించడం ఇప్పుడే దెబ్బ తీస్తుందని ఎత్తిచూపింది. బిల్లు 2025 ఏప్రిల్ 3న చట్టమైంది. చిన్న వ్యాపారాల రేటు కన్నా పౌండుకు 20 పెన్స్ వరకు తగ్గించే వీలు చట్టం కల్పిస్తే, 2025 నవంబరు బడ్జెట్‌లో ప్రభుత్వం తగ్గించింది 5 పెన్స్. హై స్ట్రీట్ వ్యాపారుల అసంతృప్తి అంతా ఆ తేడాలోనే ఉంది, నా లెక్కలో అది న్యాయమైన అసంతృప్తే.

ఒక దుకాణం లెక్క వేసి చూద్దాం. రేటబుల్ వాల్యూ 13,500 పౌండ్లు ఉన్న కిరాణా కొట్టు, కొత్త జాబితాలోనూ విలువ మారలేదనుకుందాం. 2025-26లో చిన్న వ్యాపారాల రేటు పౌండుకు 49.9 పెన్స్, మొత్తం 6,736.50 పౌండ్లు, చిన్న వ్యాపార రాయితీతో సగమై 3,368.25, దాని మీద 40 శాతం పోగా కట్టాల్సింది 2,020.95. 2026-27లో షాపులు, హోటళ్ల చిన్న రేటు 38.2 పెన్స్, మొత్తం 5,157, సగం పోతే 2,578.50. అంటే రేటు తగ్గినా బిల్లు 557 పౌండ్లకు పైగా పెరిగింది. మరోవైపు విలువ సరిగ్గా 12,000 ఉన్న దుకాణదారుడు రాయితీకి దరఖాస్తు చేసుకోకపోతే 4,584 పౌండ్ల బిల్లు వస్తుంది, చేసుకుంటే సున్నా.

ఈ తక్కువ రేటుకు విడిగా దరఖాస్తు ఉండదు, మీ స్థలం ఏ వర్గంలోకి వస్తుందో కౌన్సిలే నిర్ణయిస్తుంది. అందుకే బిల్లు చేతికి రాగానే పౌండుకు ఎన్ని పెన్స్ వేశారో చూడాలి. దుకాణమై ఉండి 38.2కు బదులు ఇతర చిన్న వ్యాపారాలకు వేసే 43.2 కనిపిస్తే, మీరు ఏం అమ్ముతున్నారో, కొనుగోలుదారులు లోపలికి వచ్చి కొంటారో రాసి, ఫొటోలు జతచేసి పంపండి. సందర్శకులకు సరుకు లేదా సేవ అందించడమే ఆ స్థలంలో ప్రధాన పని కావాలి. వడ్డించే హోటలు దీని కిందికి వస్తుంది; తలుపులు మూసి డెలివరీకి మాత్రమే వండే కిచెన్‌ ఈ నిర్వచనంలో నిలబడడం కష్టం. అకౌంటెంట్ ఆఫీసుకూ, డబ్బు మార్చే కౌంటరుకూ 2026 మార్చితో ముగిసిన పాత రాయితీలో చోటు ఉండేది కాదు. ఒకే గదిలో సగం కిరాణా, సగం మనీ ట్రాన్స్‌ఫర్ నడిపేవారు తమ ప్రధాన వ్యాపారం ఏదో కాగితం మీద చూపించగలగాలి.

రేటబుల్ వాల్యూయే తప్పుగా ఉందనిపిస్తే, అంటే కొలతలు తేడాగా ఉన్నా, లేని గోదాము కలిపేసినా, కౌన్సిల్ చేయగలిగింది ఏమీ లేదు. అది వాల్యుయేషన్ వ్యవస్థ పని. ప్రభుత్వ వెబ్‌సైటులో ఖాతా తెరిచి, లీజు ఆధారంతో అక్కడే అభ్యంతరం పెట్టాలి. ‘మీ పన్ను తగ్గిస్తాం, వాటా ఇవ్వండి’ అని ఫోన్ చేసే ఏజెంట్లు ఎక్కువగా తిరిగేది ఇక్కడే. ఖాతా తెరవడానికి డబ్బు కట్టనక్కర్లేదు, చిన్న రాయితీ ఫారం కోసమైతే ఏజెంటు అవసరమే లేదు.

రెండో దుకాణం తెరిచే ఆలోచన ఉంటే ముందే లెక్క చూసుకోవాలి. అదనపు స్థలాల్లో ప్రతిదాని విలువా 2,899 పౌండ్లు దాటకుండా, మొదటి దుకాణంతో సహా అన్నీ కలిపి 20,000 లోపు (లండన్‌లో 28,000 లోపు) ఉంటే మొదటి దుకాణానికి రాయితీ కొనసాగుతుంది. అంతకు మించితే వెంటనే పోదు; అంతకుముందు ఏడాది పాటు ఉన్న వెసులుబాటును 2025 నవంబరు బడ్జెట్‌లో మూడేళ్లకు పెంచారు. కొత్త స్థలం వాడుకలోకి తెచ్చుకున్న నాలుగు వారాల్లోగా, అది వేరే కౌన్సిల్ పరిధిలో ఉన్నా సరే, రాయితీ ఇస్తున్న కౌన్సిల్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఈమెయిల్ పంపితే వచ్చిన జవాబును దాచిపెట్టుకోండి.