‘చేయించాను’ అని ఇంగ్లీషులో చెప్పాలంటే: ‘గెట్’ వాడే పద్ధతి

‘బండి రిపేరు చేయించాను’ అనడానికి చాలామంది ‘ఐ రిపేర్డ్ మై బైక్’ అనేస్తారు. వినేవాళ్లు స్పానర్ పట్టుకుని మీరే బాగు చేశారనుకుంటారు. ‘చేయించాను’లోని మన ‘ఇంచు’ చేసే పని ఇంగ్లీషులో గెట్ చేస్తుంది. ముందు ఇది పట్టుకోండి, మిగతావి తేలికే.

వరుస ఇదీ: గెట్, ఆ తర్వాత వస్తువు, చివర క్రియ మూడో రూపం, అంటే వి3. అయిపోయిన పనికి గాట్.

ఐ గాట్ మై బైక్ రిపేర్డ్: బండి రిపేరు చేయించాను.
వి గాట్ ఎ బోర్‌వెల్ డ్రిల్డ్: చేన్లో బోరు వేయించాం.
ఐ విల్ గెట్ ద బ్లౌజ్ స్టిచ్డ్: ధర్మవరం చీర మీదికి జాకెట్టు కుట్టిస్తా.

ఎక్కువగా తప్పేది వరుసలోనే. ‘కుట్టించాను’ మనకు ఒకే మాట కాబట్టి ‘గాట్ స్టిచ్డ్’ను కూడా ఒకే ముద్దగా పలికి, ‘ఐ గాట్ స్టిచ్డ్ మై బ్లౌజ్’ అంటాం. జాకెట్టు ఆ రెండింటి మధ్యలో రావాలి. రిపేర్డ్ చివరి ‘డ్’ మింగేయడం ఇంకో తప్పు.

గెట్ తర్వాత వస్తువుకు బదులు పని చేసిన మనిషిని చెప్పాలంటే వి3 కాదు, ‘టు’ కావాలి: ఐ గాట్ ద మెకానిక్ టు చెక్ ద మోటార్. అదే ‘మేక్’ అయితే టు రాదు, పైగా బలవంతంగా చేయించినట్టు ఉంటుంది. గెట్‌లో అడిగో, ఒప్పించో, డబ్బిచ్చో చేయించుకున్నట్టు.

‘ఇంచు’ కనబడిన ప్రతిచోటా గెట్ పెట్టకండి. గమనించాను, ప్రేమించాను అన్నవాటిలో ఇంకొకరితో చేయించడం లేదు. ‘ఎవరితో?’ అని అడిగి చూడండి. ఎవరితో కుట్టించావు అంటే టైలర్‌తో అని జవాబొస్తుంది, అక్కడ గెట్ పెట్టొచ్చు.

గెట్ అనే మాట వైకింగుల భాష పాత నార్స్‌లోని ‘గెటా’ నుంచి, సుమారు 1200 ప్రాంతంలో ఇంగ్లీషులో చేరింది. అర్థం పొందడం, దక్కించుకోవడం. ఇంగ్లీషులో అంతకుముందే ఉన్న దీని తోబుట్టువు ఫర్‌గెట్‌లో నిలిచి ఉంది. అమెరికన్లు మూడో రూపంగా గాటెన్ అంటారు. మన బడుల్లో నేర్పేది బ్రిటిష్ పద్ధతి, గాట్ చాలు.

పొందడం నుంచే చేరడం, మారడం అనే అర్థాలూ వచ్చాయి. గుంతకల్లు చేరాం అంటే వి గాట్ టు గుంతకల్. ఇంటికి మాత్రం ‘టు’ వద్దు: గాట్ హోమ్. ‘ఐ యామ్ టైర్డ్’ అంటే అలసిపోయి ఉన్నాను, ‘ఐ గాట్ టైర్డ్’ అంటే అలసిపోయాను. కడప ఎండలో పని చేయడం అలవాటైందంటే ‘గాట్ యూజ్డ్ టు వర్కింగ్’. ఇక్కడ ‘వర్క్’ అంటే తప్పు. పెళ్లికి ‘గాట్ మ్యారీడ్ టు’, విత్ కాదు.

బస్సు దిగడానికి మనం ‘గెట్ డౌన్’ అంటాం, మన దేశంలో అందరికీ అర్థమవుతుంది. పరీక్షలో అయితే బస్సుకు, రైలుకు గెట్ ఆఫ్, కారుకు గెట్ ఔట్ ఆఫ్ రాయండి. ఆఫీసుకు రాసే అర్జీలో గెట్ అసలు వాడకపోవడమే మేలు. ఉత్తరం అందితే రిసీవ్డ్, సర్టిఫికెట్ తీసుకుంటే ఆబ్‌టెయిన్డ్.