గడ్డుకాలంలో జీతాలు, ఉద్యోగాలు, ప్రజాసేవలు: పార్లమెంటు చర్చను చదివే పద్ధతి

ఆర్థిక వ్యవస్థ కుంగినప్పుడు ఏ దేశ పార్లమెంటులోనైనా చాలీచాలని జీతాల మీద, పోతున్న ఉద్యోగాల మీద, కోతపడుతున్న ప్రజాసేవల మీద వాదన తప్పదు. సభలో ఇవి వేర్వేరు పద్దులు, సమాధానం చెప్పే మంత్రులూ వేరు. ప్రభుత్వ ఆసుపత్రిలో నేల తుడిచే కార్మికురాలి విషయంలో మాత్రం ఇవన్నీ ఒకటే: ఆమె జీతం ప్రభుత్వానికి ఖర్చు, ఆమె చేసే పని రోగికి అందే సేవ, ఆమె మానేశాక ఆ పోస్టు భర్తీ కాకపోతే ఒక ఉద్యోగం తగ్గినట్టే. కాబట్టి ప్రతి ప్రసంగంలోనూ సభ్యులు వీటిలో దేన్ని పట్టుకున్నారో, దేన్ని వదిలేశారో మొదట గమనించాలి. ఉద్యోగాలు కాపాడామన్న మంత్రి ఆ ఉద్యోగాలకు ఇచ్చే జీతం ఎంతో చెప్పారా? జీతాలు పెంచాలన్న సభ్యుడు ఆ డబ్బు ఎక్కడి నుంచి తేవాలో చెప్పారా? చర్చ అంతటా ఈ రెండు ప్రశ్నలూ మనసులో ఉంచుకోవాలి.

చదవడం ప్రసంగాలతో మొదలుపెట్టకూడదు, తీర్మానం పాఠంతో మొదలుపెట్టాలి. బ్రిటన్ పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్‌లో ప్రతిపక్షం ఒక తీర్మానం పెడితే, అందులోని వాక్యాలు చాలావరకు తొలగించి తన వాక్యాలు చేర్చాలంటూ ప్రభుత్వం సవరణ పెట్టడం మామూలు. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ఏ మాట పోయిందో, దాని స్థానంలో ఏది వచ్చిందో చూస్తే అసలు వివాదం ఎక్కడుందో అర్థమవుతుంది. ఓటింగు ఫలితం వల్ల నిజంగా ఏం మారుతుందో కూడా అప్పుడే తేల్చుకోవాలి. సభ అభిప్రాయం చెప్పే తీర్మానం నెగ్గినంత మాత్రాన ఎవరి జీతమూ పెరగదు. బిల్లు గానీ బడ్జెట్ పద్దు గానీ ఆమోదం పొందితే పెరగవచ్చు. నా మట్టుకు నేను ప్రసంగాలకన్నా ముందు, సభ్యుల ప్రశ్నలకు మంత్రులు ఇచ్చిన లిఖితపూర్వక సమాధానాలు చదువుతాను. అంకెలు ఎక్కువగా అక్కడే దొరుకుతాయి.

జీతాల అంకెల దగ్గర నిదానంగా సాగాలి. జీతం 3 శాతం పెరిగిందన్న మాట నిజమే కావచ్చు, కానీ అదే ఏడాది ధరలు 5 శాతం పెరిగి ఉంటే 103ను 105తో భాగించి చూడండి, కొనుగోలు శక్తి దాదాపు 2 శాతం తగ్గిందని తేలుతుంది. జీతాలు తగ్గించలేదు, ఉన్నచోటే ఉంచామన్న మాటకూ ఇదే లెక్క. బ్రిటన్‌లో 2010 జూన్ బడ్జెట్, ఏడాదికి 21,000 పౌండ్లకు మించి సంపాదించే ప్రభుత్వ రంగ ఉద్యోగుల జీతాలను రెండేళ్లపాటు పెంచకుండా నిలిపివేసింది. 2011 సెప్టెంబరు నాటికి అక్కడ ధరల పెరుగుదల 5.2 శాతానికి చేరింది. కోత అన్న మాట వాడకుండానే కోత పడింది. పైగా ధరల సూచీ దేశం మొత్తం ఖర్చుకు సగటు. తక్కువ జీతం వచ్చే ఇంట్లో తిండికి, అద్దెకు, ఇంధనానికి పోయే వాటా ఎక్కువ కనుక, వాటి ధరలు మండిన ఏడాది ఆ ఇంటికి కలిగే నష్టం సూచీ చూపినదానికన్నా పెద్దది.

సగటు జీతం పెరిగిందన్న వాదనను మాంద్యంలో మరింత అనుమానంగా చూడాలి. తక్కువ జీతగాళ్ల ఉద్యోగాలు ముందుగా పోతే, మిగిలినవారి సగటు దానంతటదే పైకి పోతుంది. 2020 ఏప్రిల్‌లో అమెరికాలో సరిగ్గా ఇదే జరిగింది. అందువల్ల సగటు బదులు, అందరినీ జీతం వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో నిలిచే మనిషి జీతాన్ని వెతకాలి. పూర్తికాలం పనిచేసేవారిలో ఆ మధ్యస్థ జీతానికి మూడింట రెండు వంతులకన్నా తక్కువ వచ్చేవారిని తక్కువ జీతగాళ్లుగా లెక్కించడం ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలు సభ్యులుగా ఉన్న ఆర్థిక సహకార సంస్థ) అనుసరించే పద్ధతి.

శాతం చెప్పినప్పుడు అది ఎవరి శాతమో అడగాలి. ఇందుకు 1931 బ్రిటన్‌ను మించిన ఉదాహరణ నాకు తెలియదు. నిరుద్యోగ భృతిలో 10 శాతం కోత మీద మంత్రివర్గం చీలిపోయి ఆగస్టులో లేబర్ ప్రభుత్వం పడిపోయింది. తర్వాత వచ్చిన, పలు పార్టీలు కలిసిన జాతీయ ప్రభుత్వం ప్రభుత్వోద్యోగుల జీతాలూ తగ్గించింది. నౌకాదళంలో చాలామందికి కోత 10 శాతం మేరకే ఉన్నా, 1919 నాటి పాత రేటు పొందుతున్న నావికులకు రోజు జీతం 4 షిల్లింగుల నుంచి 3 షిల్లింగులకు, అంటే 25 శాతం పడిపోయింది. సెప్టెంబరులో స్కాట్లాండ్ తీరంలోని ఇన్వర్‌గోర్డన్ దగ్గర నావికులు ఓడలను కదలనివ్వలేదు. ఆ అలజడి మధ్యనే ఆ నెల 21న బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని, అంటే పౌండు విలువను బంగారంతో ముడిపెట్టే పద్ధతిని, వదిలేసింది, నావికుల కోతను ప్రభుత్వం 10 శాతానికి పరిమితం చేయవలసి వచ్చింది.

ఉద్యోగాల లెక్కలో ముందు నిర్వచనం తెలుసుకోవాలి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం సర్వే చేసిన వారంలో ఒక్క గంట డబ్బుకు పనిచేసినా ఆ మనిషి ఉద్యోగి. పని లేకుండా, పని వెతుకుతూ, దొరికితే చేరడానికి సిద్ధంగా ఉన్నవారే నిరుద్యోగులు. వెతికి వెతికి విసిగి మానుకున్నవారు లెక్కలోంచే జారిపోతారు. శ్రామిక శక్తి 100 మంది, అందులో నిరుద్యోగులు 10 మంది అనుకుందాం. వారిలో అయిదుగురు ఆశ వదులుకుంటే రేటు 10 శాతం నుంచి దాదాపు 5.3 శాతానికి దిగుతుంది, కొత్తగా ఒక్కరికీ పని దొరక్కుండానే. అందుకే నిరుద్యోగ రేటు తగ్గిందని ఎవరైనా చెబితే, పని వయసువారిలో పనిచేస్తున్నవారి వాటా పెరిగిందా అని వెంటనే చూడాలి. ఎన్ని గంటల పని దొరుకుతోందన్నది కూడా అంతే ముఖ్యం.

కనీస వేతనం పెంచితే ఉద్యోగాలు పోతాయన్న వాదన దాదాపు ప్రతి చర్చలోనూ వస్తుంది. దాన్ని కొట్టిపారేయకూడదు, తలూపనూ కూడదు. బ్రిటన్ 1998లో చట్టం చేసి 1999 ఏప్రిల్ 1 నుంచి వయోజనులకు గంటకు 3.60 పౌండ్లు నిర్ణయించినప్పుడు భారీగా ఉద్యోగాలు పోతాయన్న హెచ్చరికలు వినిపించాయి, అవి నిజం కాలేదు. అలాగని ఎంత పెంచినా ఏమీ కాదని అనలేం. మధ్యస్థ జీతంతో పోలిస్తే ప్రతిపాదిత మొత్తం ఎంత, పెంచేది ఒక్కసారిగానా, దశలవారీగానా అన్న ప్రశ్నలకు జవాబిచ్చే సభ్యుడి మాటకే విలువ ఇవ్వాలి.

ప్రజాసేవలకు రికార్డు స్థాయిలో కేటాయించామన్న ప్రకటన నుంచి ధరల పెరుగుదలను, జనాభా పెరుగుదలను తీసివేసి తలసరి ఎంతో చూడాలి. ఆ తర్వాత మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని అని వెతకాలి. ఔట్‌సోర్సింగ్‌కు మారిన పని విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి: ఆ కార్మికులు ప్రభుత్వ ఉద్యోగుల జాబితా నుంచి మాయమై ప్రైవేటు రంగంలో తేలతారు, అదే గదిని అదే మనిషి తక్కువ జీతానికి తుడుస్తూ ఉండవచ్చు.

చర్చ ముగిశాక మంత్రి ఇచ్చిన హామీని తేదీతో సహా రాసిపెట్టుకోండి. బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ వ్యయం వేర్వేరు అంకెలు. చివరిది బయటికి వచ్చేసరికి సభ మరో చర్చలో పడి ఉంటుంది. అది వచ్చిన రోజున ఆ పద్దు తెరిచి, పక్కనే ఆడిట్ నివేదిక పెట్టుకుని, ఆ ఆసుపత్రిలో ఖాళీ పోస్టు నిండిందో లేదో చూడండి.