ఫేస్‌బుక్ ఖాతాను శాశ్వతంగా తొలగించుకోవడం ఎలా?

ఫోనులోంచి ఫేస్‌బుక్ యాప్‌ను తీసేసినంత మాత్రాన ఖాతా పోదు. డీయాక్టివేట్ చేస్తే ఇతరులకు కనబడకుండా పోతుందే తప్ప మన ఫొటోలూ వివరాలూ సంస్థ దగ్గరే ఉంటాయి. పూర్తిగా వదిలించుకోవాలంటే డిలీట్ చేయాల్సిందే.

మన కడప ప్రాంతంలో అసలు చిక్కు అంతకంటే ముందే ఎదురవుతుంది. కువైట్‌కు వెళ్లినవారు ఇక్కడి సిమ్‌కు రీఛార్జి చేయక వదిలేస్తే, కొంతకాలానికి కంపెనీ ఆ నంబరును మరొకరికి కేటాయిస్తుంది. తిరిగొచ్చాక ఖాతా తీసేద్దామనుకుంటే పాస్‌వర్డ్ గుర్తుండదు, ఓటీపీ ఏమో ముక్కూముఖం తెలియని వారి ఫోనుకు పోతుంది. సెల్ షాపులో కుర్రాడి చేత ఖాతా తెరిపించుకున్నవారికైతే అతను ఏ మెయిల్ ఇచ్చాడో కూడా తెలియదు. అందువల్ల లాగిన్ పనిచేస్తున్నప్పుడే ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లో ఉండే అకౌంట్స్ సెంటర్‌లో పర్సనల్ డీటెయిల్స్‌కు వెళ్లి, ఇప్పుడు చేతిలో ఉన్న నంబరును చేర్చి పాతదాన్ని తీసేయాలి. గల్ఫ్‌కు బయలుదేరేవారు విమానం ఎక్కకముందే ఈ పని చేసుకోవాలని గట్టిగా చెబుతున్నాను.

తర్వాత పెళ్లి ఫొటోల వంటివి పోకుండా ఖాతా సమాచారాన్ని డౌన్‌లోడ్ చేసుకోండి. ప్రొద్దుటూరులో బట్టల దుకాణం పేరిట పేజీ నడుపుతూ దానికి మీరొక్కరే అడ్మిన్ అయితే, ఖాతాతోపాటు పేజీ కూడా పోతుంది కనుక ఇంట్లో మరొకరికి ముందుగానే పూర్తి అధికారం అప్పగించండి. ఫేస్‌బుక్ ద్వారా లాగిన్ అవుతున్న ఇతర యాప్‌లకు వేరే లాగిన్ పెట్టుకోండి.

ఇక తొలగింపు. పర్సనల్ డీటెయిల్స్‌లోనే అకౌంట్ ఓనర్‌షిప్ అండ్ కంట్రోల్, అందులో డీయాక్టివేషన్ ఆర్ డిలీషన్ నొక్కి, డిలీట్ అకౌంట్‌ను ఎంచుకోవాలి. అక్కడ డీయాక్టివేట్ వైపు మళ్లించే ప్రశ్నలు అడుగుతుంది. తొందరపడకుండా చదివి ముందుకు సాగండి. ఆపై 30 రోజుల గడువు ఉంటుంది. ఈలోగా లాగిన్ అయి రద్దు బటన్ నొక్కితే కథ మళ్లీ మొదటికొస్తుంది కాబట్టి అటువైపు వెళ్లకపోవడమే మేలు. గడువు ముగిశాక సమాచారమంతా చెరిగిపోవడానికి 90 రోజుల వరకు పట్టవచ్చు. మీరు ఇతరులకు పంపిన మెసేజీలు మాత్రం వారి దగ్గర ఉండిపోతాయి.

నంబరూ మెయిలూ రెండూ చేజారినవారు 2021 ఐటీ (సమాచార సాంకేతిక) నిబంధనల కింద ఫేస్‌బుక్ సంస్థ నియమించిన ఫిర్యాదుల అధికారికి రాయవచ్చు. ఫిర్యాదు అందినట్లు ఆయన 24 గంటల్లో తెలియజేసి, మామూలుగా 7 రోజుల్లో పరిష్కరించాలి. ఆ నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లోగా కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల అప్పీలు కమిటీకి ఆన్‌లైన్‌లోనే అప్పీలు చేసుకోవచ్చు.