డీఆర్ పెట్టె కొనే ముందు ఏటిగట్టు దాకా వెళ్లి రండి

నరసాపురం దగ్గర, వశిష్ఠ ఏటిగట్టుకి కూతవేటు దూరంలో ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు ఉంది. ఏడేళ్లుగా వాళ్ల సర్వర్లు నేనే చూస్తున్నాను. పాలకొల్లు, రాజోలు, అమలాపురం వైపు ఇంకో పదిచోట్ల దాకా నా చేతిలో ఉన్నాయి. రైసు మిల్లులు, రెండు ఆసుపత్రులు, ఒక కాలేజీ. ఈ మధ్య అందరూ అడుగుతున్నది ఒకటే, క్లౌడ్ డిజాస్టర్ రికవరీ (డీఆర్) అప్లయన్స్ పెట్టిస్తారా అని. ఆఫీసులోనే ఉండి సర్వర్లన్నిటి కాపీ తీసుకుంటూ, ఆ కాపీని క్లౌడ్‌కి పంపిస్తూ, సర్వరు పోయిన రోజున తన మీద గానీ క్లౌడ్‌లో గానీ దాన్ని తిరిగి లేపే పెట్టె అది.

మంచి వస్తువే. కానీ చాలామంది కొటేషన్‌తో మొదలుపెడుతున్నారు. ఎన్ని టీబీలు, ఎంత ర్యామ్, ఎంత తగ్గిస్తారు. నేను తుపాను వెళ్లిపోయిన మర్నాటి పొద్దున్నతో మొదలుపెడతాను. కరెంటు లేదు, నెట్ లేదు, రోడ్డు మీద కొబ్బరిచెట్లు పడి ఉన్నాయి, కంటెయినర్ మాత్రం ఎల్లుండికి పోర్టుకి చేరాలి. ఆ పొద్దున్న ఎవరు ఎక్కడ కూర్చుని ఏ స్క్రీన్ తెరుస్తారో ముందే చెప్పగలిగితే పెట్టె సైజు దానంతటదే తేలుతుంది.

ముందు చోటు చూడండి. టేపు పట్టుకుని వెళ్లి, 1986 ఆగస్టులో నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఊళ్లో పెద్దవాళ్లని అడగండి. ఆ వరదకి ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. మా ప్లాంటు పక్కింటి గోడ మీద 86 నాటి గీత ఇంకా ఉంది, నా భుజం ఎత్తున. సర్వర్ గది కింది అంతస్తులో ఉంటే, అప్లయన్స్ మాట ఎత్తకముందే దాన్ని పైకి మార్పించండి. పైకి అంటే స్లాబు కారే చివరి అంతస్తుకి కాదు. సర్వర్లున్న గదిలోనే అప్లయన్స్ పెట్టొద్దు. ఏసీ నీళ్లు కారినా, షార్ట్ సర్క్యూట్ అయినా అసలూ కాపీ రెండూ ఒకేసారి పోతాయి. మా దగ్గర సర్వర్లు అకౌంట్స్ గది వెనక, అప్లయన్స్ అవతలి బ్లాకులో ల్యాబ్ పక్కన, మధ్యలో ఫైబర్. సముద్రం దగ్గర కాబట్టి ఉప్పుగాలికి కనెక్టర్లు చిలుం పడతాయి. తలుపున్న ర్యాక్, దానికి ఫిల్టరు, రాత్రీ పగలూ నడిచే ఏసీ ఖర్చులో రాసుకోండి.

తర్వాత ఓనరు గారితో కూర్చోవాలి. ఈ మాటలు ఫోన్లో తేలవు.

"సర్వర్ పోతే ఎంతసేపు ఆగగలరండీ?" అంటే, "ఒక్క నిమిషం కూడా ఆగలేమండి" అన్నారాయన. అందరూ అలాగే అంటారు. అప్పుడు ఒక్కోదాన్నీ విడదీసి అడగాలి. అకౌంట్స్ రాసే టాలీ ఒక రోజు లేకపోతే? "పరవాలేదండి, పుస్తకంలో రాసుకుంటాం." లాట్ రిజిస్టర్ లేకపోతే? అంటే ఏ చెరువు సరుకు ఏ రోజు వచ్చి ఏ కార్టన్‌లోకి వెళ్లిందో చెప్పే డేటాబేస్. ఆయన కాసేపు ఆలోచించారు. "గంటైతే కాగితం మీద రాయిస్తాను. నాలుగు గంటలైతే లైన్ ఆపెయ్యాలి. లాట్ నెంబరు లేని సరుకు ఎగుమతికి పనికిరాదు కదండీ."

ఆ పది నిమిషాల్లో మాకు కావలసిన రెండు లెక్కలూ వచ్చేశాయి. ఎంత డేటా పోయినా తట్టుకోగలం అన్నది ఆర్‌పీఓ. ఎంతసేపట్లో లేవాలి అన్నది ఆర్‌టీఓ. లాట్ రిజిస్టర్‌కి ఆర్‌పీఓ పదిహేను నిమిషాలు, ఆర్‌టీఓ రెండు గంటలు. టాలీకి నాలుగు గంటలు, ఒక రోజు. ఫైల్ సర్వర్‌కి ఒక రోజు, రెండు రోజులు. సీసీటీవీ రికార్డింగుని డీఆర్ జాబితాలోంచే తీసేశాం. అది ఉంటే డిస్కూ నెట్టూ రెండూ తినేస్తుంది.

ఇప్పుడు కొలవండి. మొత్తం డేటా ఎంతో చూడడం తేలిక, రోజుకి ఎంత మారుతోందో చూడడమే అసలు పని. హైపర్‌వైజర్‌లో (ఒకే మిషన్ మీద చాలా సర్వర్లు నడిపించే సాఫ్ట్‌వేర్) గానీ, ఉన్న బ్యాకప్ సాఫ్ట్‌వేర్ రిపోర్టులో గానీ రోజువారీ ఇంక్రిమెంటల్ సైజు, అంటే ఆ రోజు మారినంత డేటా, కనిపిస్తుంది. కనీసం రెండు వారాలు రాసుకోండి, అందులో సీజన్ రోజులు తప్పకుండా ఉండాలి. మా ప్లాంటులో మొత్తం 3 టీబీ, మామూలు రోజుల్లో మారేది 40 జీబీ, పట్టుబడి జోరుగా ఉన్నప్పుడు 75 జీబీ. లెక్కంతా 75 మీదే వేశాను.

మా నెట్ అప్‌లోడ్ 50 ఎంబీపీఎస్ అని బిల్లులో ఉంటుంది. నేను 35 అనుకునే లెక్క కడతాను. ఆ వేగానికి 75 జీబీ వెళ్లడానికి సుమారు నాలుగు గంటల నలభై ఐదు నిమిషాలు పడుతుంది. ఇది బాగానే ఉంది. కానీ మొదటిసారి పంపాల్సిన 3 టీబీకి ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజులూ ప్లాంటుకి క్లౌడ్ కాపీ లేనట్టే. కాబట్టి మొదటి కాపీని వేసవిలో మొదలుపెట్టండి, అక్టోబరు చివర్లో వద్దు. డిస్కులో వేసి పంపించే సౌకర్యం మీ ప్రొడక్ట్‌కి ఉంటే వాడుకోండి. డౌన్‌లోడ్ వేగం చూసి మురిసిపోవద్దు, ఇక్కడ పని అప్‌లోడ్‌తో.

డిస్కు లెక్క. ఒక పూర్తి కాపీ 3 టీబీ, ముప్పై రోజుల మార్పులు 2.25 టీబీ, మొత్తం 5.25. దాని మీద 30 శాతం ఖాళీ వేస్తే 7 టీబీకి దగ్గరవుతుంది. కంప్రెషన్‌తో, డీడూప్‌తో (ఒకే డేటాని రెండుసార్లు దాచకపోవడం) సగమవుతుందని అమ్మేవాళ్లు చెప్తారు. తగ్గితే సంతోషం, కొనేటప్పుడు మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకోను. ఒక డిస్కు పోయినా డేటా పోకుండా కొన్ని డిస్కుల్ని కలిపి వాడే పద్ధతే రెయిడ్. 4 టీబీవి నాలుగు డిస్కులు పెడితే రెయిడ్ 6లో గానీ రెయిడ్ 10లో గానీ వాడకానికి 8 టీబీ వస్తుంది. రెయిడ్ 6లో ఏ రెండు పోయినా నిలబడుతుంది, రెయిడ్ 10 వేగంగా పనిచేస్తుంది. పెట్టె మీదే సర్వర్లు లేపి పని చేయించాలనుకున్నాం కాబట్టి 10 తీసుకుని, డేటాబేస్ కోసం విడిగా రెండు ఎస్‌ఎస్‌డీలు జత చేశాం. రెయిడ్ 5 వద్దు. పెద్ద డిస్కు ఒకటి పోయి రీబిల్డ్ జరుగుతున్నన్ని గంటలూ రెండోది పోకూడదని దణ్ణం పెట్టుకుంటూ కూర్చోవాలి.

ర్యామ్ దగ్గర చాలామంది తప్పుతారు. పెట్టె తన పని తాను చేసుకోవడానికి ఒక లెక్క, దాని మీద లేచే సర్వర్లకి ఇంకో లెక్క. మా మూడు ముఖ్యమైన సర్వర్లకి 16, 32, 8, కలిపి 56 జీబీ. అప్లయన్స్‌కి 32. మొత్తం 88, అందుకే 96 పెట్టించాం. ప్రాసెసర్‌కి 16 కోర్లు.

నా వల్ల జరిగిన పెద్ద పొరపాటు నెట్ లైన్ల దగ్గర. రెండు కంపెనీల నుంచి రెండు ఫైబర్లు పెట్టించాను, ఒకటి పోతే ఒకటి ఉంటుందని ధైర్యం. ఒక నవంబరు తుపానుకి కాలవ గట్టు మీద కొబ్బరిచెట్టు ఒకటి కూలింది. రెండు లైన్లూ ఒకేసారి తెగాయి. మర్నాడు ప్లాంటు ఎలక్ట్రీషియన్ నన్ను ఆ చెట్టు దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు. "ఆయ్, రెండు వైర్లూ ఇదే స్తంభం మీంచి వస్తున్నాయండి మేడం గారూ. కంపెనీలు వేరే గానీ దారి ఒకటే." నెట్ రావడానికి నాలుగు రోజులు పట్టింది. క్లౌడ్‌కి వెళ్లాల్సిన మార్పులు నెట్ వచ్చేదాకా ఆగే కేష్ డిస్కుని నేను రెండు రోజులకే సరిపడేది పెట్టాను. మూడో రోజుకి అది నిండిపోయి, వెళ్లాల్సిన మార్పుల వరస తెగిపోయింది. లైను వచ్చాక మొత్తం డేటాని మళ్లీ మొదటినుంచి సరిచూసి పంపుకోవాల్సి వచ్చింది. మళ్లీ ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజులూ నాకు సరిగ్గా నిద్ర లేదు, బంగాళాఖాతంలో ఇంకో అల్పపీడనం ఉందని రేడియో చెప్తోంది.

అందుకని లైను పెట్టించే ముందు స్తంభం నుంచి స్తంభానికి నడిచి చూడండి. రెండూ వేర్వేరు దారుల్లో రావాలి. కుదరకపోతే రెండోది టవర్ నుంచి వచ్చే వైర్‌లెస్ లైను తీసుకోండి, డిష్‌ని గాలికి కదలకుండా బిగించాలి. మూడోది 4జీ రౌటర్, లాట్ రిజిస్టర్ ఒక్కదాని మార్పులు పంపడానికి. కేష్‌కి నెట్ లేని రోజులు ఐదు అనుకుంటున్నాను ఇప్పుడు. 75 చొప్పున ఐదు రోజులకి 375 జీబీ, కాబట్టి 500 జీబీ ఎస్‌ఎస్‌డీ.

కరెంటు దగ్గర కూడా లెక్కే. ఈ ప్రాంతంలో రాత్రయ్యాక చెరువుల మీద ఏరియేటర్లన్నీ తిరుగుతాయి, వోల్టేజి పడిపోతుంది. ఆన్‌లైన్ యూపీఎస్సే, అంటే లైను ఎలా ఉన్నా సరిచేసిన కరెంటునే ఎప్పుడూ ఇచ్చేది, తీసుకోండి. మా 3 కేవీఏ యూపీఎస్‌కి 12 వోల్టులు, 42 ఏహెచ్ బ్యాటరీలు ఎనిమిది ఉన్నాయి, అంటే సుమారు 4 యూనిట్లు. అందులో 70 శాతమే నమ్మాలి. అప్లయన్స్, స్విచ్, ఫైర్‌వాల్ కలిసి 700 వాట్లు తీసుకుంటే నాలుగు గంటలు. నెట్ కంపెనీ వాళ్లు గోడకి కొట్టిన చిన్న తెల్ల డబ్బా కూడా ఈ యూపీఎస్ మీదే ఉండాలి. దాన్ని మామూలు ప్లగ్గులో వదిలేసిన చోట్లు నేను చాలా చూశాను. జనరేటర్ దిమ్మ ఆ గోడ మీద గీత కన్నా ఎత్తుండాలి. డీజిల్ మూడు రోజులకి, ముందే.

ఇక క్లౌడ్ ఎక్కడ? చాలామంది చెన్నై దగ్గర కదా అంటారు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను చెన్నైని ముంచి, తర్వాత బాపట్ల దగ్గర తీరం దాటింది. ఒకే గాలివాన రెండుచోట్లా తగిలిందన్నమాట. అందుకే కాపీ కోసం తీరానికి దూరంగా ఉన్నదే ఎంచుకుంటాను. అమెజాన్‌కి హైదరాబాద్‌లో 2022 నుంచి రీజియన్ (డేటా సెంటర్లున్న చోటు) ఉంది, మైక్రోసాఫ్ట్ అజూర్‌కి పుణెలో ఉంది. క్లౌడ్‌లోకి డేటా పంపడానికి మామూలుగా డబ్బు తీసుకోరు, తిరిగి బయటికి తెచ్చుకునేటప్పుడు తీసుకుంటారు. ఓనరు గారికి ఇది ముందే చెప్పండి.

ఫైర్‌వాల్‌లో పోర్టులు, అంటే డేటా వెళ్లే నెంబర్ల దారులు, కూడా ముందే తెరిపించాలి. అమెజాన్ ఎలాస్టిక్ డిజాస్టర్ రికవరీకి 443తో పాటు 1500 కావాలి. అజూర్ సైట్ రికవరీ అప్లయన్స్ బయటికి 443 మీద మాట్లాడుతుంది, లోపలి సర్వర్ల నుంచి డేటాని 9443 మీద తీసుకుంటుంది. ఆఫీసు నెట్‌వర్క్ అడ్రస్‌లు 192.168.1తో మొదలైతే క్లౌడ్‌లో అవే పెట్టొద్దు, వీపీఎన్ (నెట్ మీదుగా రెండు నెట్‌వర్క్‌లని కలిపే రహస్య దారి) కలిపిన రోజున రెండూ కొట్టుకుంటాయి.

యంత్రంతో పాటు క్లౌడ్‌కి రానివి కొన్ని ఉంటాయి. టాలీ లైసెన్సు ఆ మిషన్‌కే కట్టి ఉంటుంది. క్లౌడ్‌లో లేపితే ఎడ్యుకేషన్ మోడ్‌లోకి వెళ్తుంది, మళ్లీ యాక్టివేట్ చేయాలి. అందుకు ఏ మెయిల్‌కి అన్‌లాక్ కీ వస్తుందో, ఆ మెయిల్ ఎవరి ఫోన్లో ఉందో రాసుకోండి. డిజిటల్ సంతకం యూఎస్‌బీ టోకెన్ చేతిలో ఉండాల్సిందే, ఎక్స్‌పోర్ట్ మేనేజరు దాన్ని జిప్ కవర్లో పెట్టి ఇంటికి తీసుకెళ్తారు. ఎన్‌క్రిప్షన్ కీ మాత్రం సర్వర్లో దాచొద్దు. అది లేకపోతే క్లౌడ్‌లో ఉన్న 3 టీబీ ఎవరికీ అక్కరకి రాదు. మాది కాగితం మీద ప్రింటు తీసి తణుకులో ఓనరు గారి అక్కగారింట్లో బీరువాలో పెట్టాం. అప్లయన్స్ పాస్‌వర్డ్ ఆఫీసు డొమైన్ పాస్‌వర్డ్ కాకూడదు, రాన్సమ్‌వేర్ (డేటాకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వస్తే ముందు వెతికేది దాన్నే. క్లౌడ్ కాపీకి నిర్ణీత రోజులు ఎవరూ చెరపలేని తాళం పెట్టండి.

క్లౌడ్‌కి ఎప్పుడు మారాలి అన్నది అప్పటికప్పుడు అనుకుంటే గొడవే. మేము గోదారి లెక్కనే వాడుకున్నాం. భద్రాచలంలో 43 అడుగుల దగ్గర మొదటి హెచ్చరిక వస్తే జనరేటర్, డీజిల్ చూసుకుంటాం. ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులతో మొదటి హెచ్చరిక వస్తే క్లౌడ్ కాపీ తాజాగా ఉందో లేదో గంటకోసారి చూస్తాం. 13 లక్షలకి, అంటే రెండో హెచ్చరికకి, టాలీని క్లౌడ్‌కి మార్చేస్తాం. 17 లక్షలతో మూడో హెచ్చరిక వస్తే లాట్ రిజిస్టర్ కూడా. తుపానుకి ఇంత వ్యవధి దొరకదు, తీరం దాటే చోటు మన వైపని వాతావరణ శాఖ చెప్పిన రోజే మార్చేస్తాం.

డ్రిల్ మే నెలలో ఒకటి, అక్టోబరు మొదట్లో ఒకటి. మొదటి డ్రిల్‌లో లాట్ రిజిస్టర్ క్లౌడ్‌లో నలభై నిమిషాల్లో లేచింది. అందరం సంతోషపడ్డాం. కార్టన్ మీద అంటించే లేబుల్ మాత్రం ప్రింటు కాలేదు. ప్రోగ్రాం రాసినవాళ్లు సర్వర్ పేరు బదులు పాత ఐపీ అడ్రస్ నేరుగా రాసి పెట్టారు. దాన్ని పట్టుకునేసరికి మూడు గంటలు. ఇప్పుడు పేరుతోనే వెళ్తోంది.

పోయిన అక్టోబరు డ్రిల్‌కి నేను కావాలనే వెళ్లలేదు. నైట్ షిఫ్ట్‌లో లాట్లు ఎక్కించే అమ్మాయి ర్యాక్ తలుపు లోపల అతికించిన తెలుగు కాగితం చూసుకుంటూ, ఫోన్ హాట్‌స్పాట్‌తో, తన లాప్‌టాప్‌లో వీపీఎన్ కలిపి మొత్తం తనే చేసింది. మొదటి లేబుల్ ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపింది. కింద టైము కూడా రాసింది, గంటా పది నిమిషాలు.